అమ్మవారి వెడల్పు ఎంత?

పేరు చూసి మోసపోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. హోటల్లో బోర్డు మీద ‘స్పెషల్’ అని ఉంటే అదే తెమ్మంటాను, నిన్నటిది తెస్తారు. బస్సు మీద ‘ఎక్స్‌ప్రెస్’ అని రాసుంటే ఎక్కి కూర్చుంటాను. ప్రతి వేపచెట్టు కిందా ఆగుతుంది. అందుకని, కంప్యూటర్లో బొమ్మను ఏ రకంగా ఎక్స్‌పోర్ట్ చెయ్యాలో చెప్పమని సాఫ్ట్‌వేర్ ఒక బారెడు జాబితా చూపించినప్పుడు, అందులో ‘రా’ అనే మాట కనబడగానే నేను వెనకాముందూ చూడలేదు. అది ‘రా’ అంది, నేను వెళ్ళాను. ఆ తరవాత నేనెన్నిసార్లు రా రమ్మన్నా అది మాత్రం రాలేదు.

ఆ ఫైలులో ఉన్నది నా పెళ్ళి ఫోటో అయితే మా ఆవిడ నాలుగు తిట్టి ఊరుకునేది. ఉన్నది అమ్మవారు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, క్వార్టర్ల వరస చివర, మా తెలుగువాళ్ళకి చిన్న గుడి ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడు రైల్వే పనికి వచ్చినవాళ్ళు కట్టుకున్నది. అందులో విగ్రహం లేదు, పటం ఉంది. వ్యాగన్ల మీద అక్షరాలు, అంకెలు రాసే పెయింటరు ఒకాయన, తన ఊరి అమ్మవారిని గుర్తు తెచ్చుకుంటూ, ఆ వ్యాగన్ రంగులతోనే మందపాటి గుడ్డ మీద వేసిన బొమ్మ. ఎర్రటి ముఖం, ఒక కన్ను రెండోదానికంటే కాస్త పెద్దది. గుడిలో ఏ మూల నిలబడ్డా ఆ పెద్ద కన్ను మనల్నే చూస్తుంది. చిన్నప్పుడు నేను ఆ కంటికి భయపడి స్తంభం చాటున నిలబడి దణ్ణం పెట్టుకునేవాణ్ణి. యాభై దాటాక కూడా స్తంభం చాటునే నిలబడుతున్నాను. కాకపోతే ఇప్పుడు స్తంభం చాలడం లేదు.

ఆ పెయింటరు కూతురే ఇప్పుడు గుడి చూసుకుంటుంది. డెబ్బై దాటిన మనిషి. కాలనీలో అందరికీ ఆవిడ అప్పే, అంటే అక్కే. మా నాన్నా అప్ప అనేవాడు, నేనూ అప్ప అంటాను. అప్ప అరవదు, కసరదు. అడిగి, జవాబు వచ్చేదాకా మన మొహంలోకి చూస్తూ నిలబడుతుంది. ఆ కన్ను బొమ్మలోకి ఎక్కడినుంచి వచ్చిందో అప్పని చూస్తే తెలిసిపోతుంది.

పటం చెమ్మకి పాడైంది. కింద సగం నల్లటి మచ్చలు. కొత్తది పెట్టాలని అప్ప నిర్ణయించింది. కొత్తది అంటే ఎవరి చేతో గీయించిన ఇంకో అమ్మవారు కాదు, వాళ్ళ అయ్య వేసిన ఆ ముఖమే కావాలి. ఫోటో తీసి, కంప్యూటర్లో మచ్చలు తుడిచి, గుడ్డ మీద అచ్చు వేయించవచ్చని చెప్పినవాణ్ణి నేనే. ఆఫీసులో కూర్చుని వేళ్ళు దురదపెట్టి, పాత ఫోటోల మచ్చలు తుడవడం నేర్చుకున్నాను లెండి. కాలనీలో చాలామంది తాతలకి నేను చెంపల మీది బూజు తుడిచి ఇచ్చాను.

ఇక్కడ మా వాళ్ళ కట్టుబాట్లు రెండు చెప్పాలి. ఒకటి, అమ్మవారిని ఎవరూ ఫోటో తియ్యకూడదు. ఫోన్లు గుడి బయటే. ఈ ఒక్కసారికి అప్ప కొబ్బరికాయ కొట్టి అనుమతి అడిగి, నా ఒక్కడికే తెర తీసింది. రెండోది, ఒక ఊళ్ళో ఇద్దరు అమ్మలు ఉండకూడదు. పాత పటం నీళ్ళలో కలిసేదాకా కొత్త పటం అచ్చు వేయించకూడదు. కలిసినప్పటినుంచి కొత్తది గోడ ఎక్కేదాకా గుడి తలుపు తియ్యరు, ఏ ఇంట్లోనూ పోపు వెయ్యరు. ఒంటి మీద అమ్మవారు పోసినప్పుడు ఇంట్లో తాలింపు చప్పుడు వినబడకూడదంటారే, అదే లెక్క. అమ్మ దారిలో ఉంది, చిటపటలు వినిపించకూడదు.

కెమెరా మా బావది. బావంటే మా ఆవిడకి అన్నగారు. తోర్వాలో స్టూడియో ఉంది, పెళ్ళిళ్ళకి తీస్తాడు. మనిషి మంచివాడే, కానీ తనకి తెలియని విషయం ప్రపంచంలో లేదని ప్రపంచానికి చెప్పకుండా ఉండలేడు. కెమెరా నా మెడలో వేస్తూ పాఠం చెప్పాడు.

“బావా, అంతా రా లో తియ్యి. జేపెగ్ అంటే వండేసిన కూర, రెండో పూటకి పాడయిపోద్ది. రా అంటే పచ్చి సరుకు. ఎప్పటికీ చెడదు. రా లో తియ్యి, రా లో ఉంచు. సమఝ్‌లో ఆయా?”

ఆయా, అర్థమైంది. అలాగే తీశాను. ఇంటికొచ్చి ఆ ఫైళ్ళు సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేస్తే, నిజంగానే కళ్ళు చెదిరాయి. నల్లగా ఉన్న మూలల్లోంచి కూడా రంగు పైకి లాగవచ్చు. వారాల తరబడి, ఆఫీసు నుంచి రావడం, అమ్మవారి ముందు కూర్చోవడం. వంకర సరిచేశాను, అంచులు కత్తిరించాను, ఒక్కొక్క మచ్చా తుడిచాను. పెద్ద కంటిని మాత్రం ముట్టుకోలేదు. ధైర్యం చాలలేదు.

చివరికి ఎక్స్‌పోర్ట్. జాబితాలో ‘రా’. రా లో ఉంచు అన్నాడు కదా బావ. నొక్కాను. ఏవో నాలుగు ప్రశ్నలు అడిగింది, అన్నిటికీ సరే అన్నాను. నా ముసలి కంప్యూటరు చోటు లేదని చాలా రోజులుగా ఏడుస్తోంది. ఎప్పటికీ చెడని సరుకు ఉండగా మిగతావి ఎందుకని, కెమెరా ఫైళ్ళు, పని చేసిన ఫైలు, అన్నీ తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. బావ తన కార్డు తుడిచేసి తిఫ్రాలో ఒక పెళ్ళికి వెళ్ళిపోయాడు. నేను అప్ప దగ్గరికి వెళ్ళి, “అమ్మ కంప్యూటర్లో భద్రంగా ఉంది అప్పా, పాతదాన్ని పంపెయ్యొచ్చు” అన్నాను.

మంగళవారం పంపాం. ఎండాకాలం అర్పా నదిలో ఇసక ఎక్కువ, నీళ్ళు తక్కువ. కాస్త లోతున్న మడుగు వెతుక్కుని, పటం చట్రం ఊడదీసి, గుడ్డకి రాయి కట్టి వదిలారు. గుడ్డ ఒక్క క్షణం వెల్లకిలా తేలింది. ఆ కన్ను నన్నే చూసింది. తరవాత ములిగింది. అప్ప ఖాళీ చట్రాన్ని తెల్లగుడ్డలో చుట్టి, బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచింది.

మర్నాడు తార్‌బహార్‌లో ఫ్లెక్సీలు, పటాలు అచ్చువేసే దుకాణానికి పెన్‌డ్రైవ్ పట్టుకుపోయాను. అక్కడతను ఫైలు మీద రెండుసార్లు నొక్కి, నా వైపు తిరిగి, “చౌడాయీ కిత్నీ హై, భాయ్‌సాబ్?” అన్నాడు. గుడ్డ వెడల్పు అడుగుతున్నాడనుకుని రెండు చేతులూ చాచి చూపించాను. కాదట. బొమ్మ వెడల్పు. ఎన్ని చుక్కలు అడ్డం, ఎన్ని నిలువు. ఫైలు తెరవాలంటే ఆ లెక్క మనమే చెప్పాలట.

“బొమ్మకి తెలీదా?” అన్నాను.

“నహీ మాలూమ్.”

ఏదో ఒకటి కొట్టి చూడమన్నాను. కొట్టాడు. తెర నిండా బూడిదరంగు ఇసక. అర్పాలో ఇసక లాగే ఉంది. పెన్‌డ్రైవ్ పీక్కుని బయటపడ్డాను.

ఇంటికొచ్చి చదివితే అప్పుడు అర్థమైంది. కెమెరా ఇచ్చే రా వేరు, సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పోర్ట్ చేసే ఈ రా వేరు. కెమెరాది తన ఒళ్ళంతా వివరాలు రాసుకుని వస్తుంది. ఇది చుక్కల రంగుల్ని ఒకదాని వెనక ఒకటి పేర్చి వదిలేస్తుంది, అంతే. ఏ వరస ఎక్కడ తెగుతుందో రాసుకోదు, ఎర్ర చుక్క ఏదో పచ్చ చుక్క ఏదో చెప్పదు. లేబులు ఊడిపోయిన గూడ్సు బండి లాంటిది. సరుకంతా ఉంది, ఒక్క గింజ పోలేదు. ఎక్కడ దింపాలో మాత్రం ఎవరికీ తెలీదు. అప్పుడు నేను సరే అన్న ఆ నాలుగు ప్రశ్నలూ ఏవో నాకు గుర్తు లేదు. వెడల్పు అంకె నా కళ్ళ ముందే వారాల తరబడి మూలన ఉంది. ఒక్కనాడూ దాన్ని చూడలేదు. అమ్మవారి పెద్ద కన్ను తప్పించుకోవడంలోనే నా చూపంతా అయిపోయింది.

బావకి ఫోన్ చేశాను. విన్నాడు. చాలాసేపు నవ్వాడు.

“అరే యార్, నేను చెప్పింది కెమెరా రా! నువ్వు చేసింది ఏ రా యో నాకేటి తెలుసు? అయినా అన్నీ తీసెయ్యమని నేను చెప్పానా?”

“రా లో ఉంచమన్నావు కదా బావా.”

“ఉంచమన్నాను. ముంచమన్నానా?”

ఆ మాట నాకు వచ్చి ఉంటే బాగుండేదని అంత భయంలోనూ అనిపించింది. ఫోన్ పెట్టేసేముందు గొంతు తగ్గించి, “అప్ప దగ్గర నా పేరు తేకు, నీకు దణ్ణం పెడతాను” అన్నాడు. అంటే అతనికీ భయమే. దాంతో నా భయం రెట్టింపైంది.

ఆ రోజునుంచి కాలనీలో చప్పుడు మారింది. పొద్దున పదింటికి వరసగా ప్రతి వంటింట్లోంచి వినబడే ఆవాల చిటపట ఆగిపోయింది. అంత నిశ్శబ్దంగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. పప్పు పప్పులాగే వచ్చేది, చారు వేడినీళ్ళలాగే వచ్చేది. జనం ఎదురుపడితే మర్యాదగానే అడిగేవారు, “ఎంతవరకూ వచ్చింది?” అని. “అచ్చులో ఉంది” అనేవాణ్ణి. మా ఆవిడకి నిజం చెప్పాను. ఆమె గిన్నె కింద పెట్టి, గుడి వైపు తిరిగి చెంపలు వేసుకుంది. తరవాత నా వైపు తిరిగింది. నా చెంపలు కూడా వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. “ఏటండీ, అప్పకి ఏటని సెప్తారు?” అంది, అంతే. దానికంటే చెంపలే నయం.

అప్ప రోజూ సాయంకాలం గుమ్మంలోకి వచ్చేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు.

“ఏటిరా, అమ్మ ఎప్పుడొస్తాది?”

“వస్తోంది అప్పా.”

“దారి తెలుసునా దానికి?”

ఆవిడ మామూలుగానే అడిగింది. దారి తెలీదు అప్పా, వెడల్పు కూడా తెలీదు, అని ఎలా చెప్పను? ఆవిడ తండ్రి చేత్తో గీసినది ఆ ముఖం తప్ప ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు. దాన్ని నా మాట నమ్మి నీళ్ళలో వదిలింది.

ఒక ఉదయం గడ్డం గీసుకుంటుంటే మెడ మీద ఎర్రటి పొక్కులు కనబడ్డాయి. అద్దంలో చూశాను. మళ్ళీ చూశాను. భుజం మీద కూడా ఉన్నాయి. పటంలోంచి పోగొట్టిన అమ్మవారు నా ఒంటి మీదికి వచ్చి దిగిందని నాకు ఆ క్షణంలో ఏ సందేహమూ లేదు. ఆఫీసులో లెక్కలు రాసే మనిషినే, చదువుకున్నవాణ్ణే, కానీ చదువు మెడ దాకా రాలేదు. మే నెల ఎండలో, బిలాస్‌పూర్‌లో, పైబొత్తాం దాకా పెట్టుకుని తిరిగాను. పొక్కులు ఇంకా ఎక్కువయ్యాయి. ఎందుకు ఎక్కువవుతున్నాయో నాకు అప్పుడు తట్టలేదు.

అప్ప కంట్లో పడనే పడ్డాను. “ఏటిరా ఆ బొత్తాం? ఉరేసుకున్నట్టు. విప్పు” అంది. విప్పాను. వంగి చూసింది. వేలితో ఒక పొక్కుని నొక్కింది.

“సెమట కాయలురా, యెదవా. గాలి తగలనీ.”

ప్రాణం సగం వచ్చింది. మిగతా సగం ఆవిడ వెనకాల గుడి అరుగు మీద, తెల్లగుడ్డ చుట్టిన ఖాళీ చట్రంలో ఉందని అప్పుడే తట్టింది. బొమ్మ పోయింది కానీ బొమ్మ కొలత పోలేదు! ఎంత వెడల్పుకి ఎంత ఎత్తో ఆ చట్రం చెబుతుంది. మొత్తం చుక్కలెన్నో ఫైలు సైజు చెబుతుంది. రెండూ కలిపితే అమ్మ చిక్కుతుంది.

“చట్రానికి రంగు వెయ్యాలి అప్పా, కొలిచి చూస్తాను” అన్నాను. అబద్ధం కాదు, తరవాత నిజంగానే వేశాను. టేపు పట్టుకుని కొలుస్తుంటే అప్ప పక్కనే నిలబడింది. ఖాళీ చట్రంలోంచి అటువైపు ఆవిడ ముఖం కనబడుతోంది. నేను అంకె ఒకసారి తప్పు చదివాను, మళ్ళీ కొలిచాను.

ఆదివారం మధ్యాహ్నం. బయట వడగాలి. కిటికీలు మూసి, ఉచితంగా దొరికే ఇంకో సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని కూర్చున్నాను. అందులో రా ఫైలు ఇంపోర్ట్ చేస్తే వెడల్పు గడి పక్కన చిన్న బొమ్మ చూపిస్తుంది. అంకె మారిస్తే బొమ్మ మారుతుంది. లెక్క ప్రకారం దగ్గరి అంకె కొట్టాను. ఇసక పోయింది. బూడిదరంగు చారలు, ఏటవాలుగా, వానలాగా. అంచులు నేను ఎంత కత్తిరించానో గుర్తు లేదు కాబట్టి ఇక ఒక్కొక్క అంకే. ఒకటి పెంచితే చారలు కొంచెం నిలబడ్డాయి. ఇంకొకటి. ఆ చారల్లోంచి ఏదో గుండ్రంగా, నల్లగా, సాగిపోయి, తెర ఈ కొసనుంచి ఆ కొసకి జారుతూ కనబడింది. అది కన్ను. నా చెయ్యి మౌస్ మీదినుంచి తనంత తనే లేచిపోయింది.

మా ఆవిడ వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. “ఆపకండి” అంది. ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది, చెమట కాయల మీదే. మంట. తియ్యమనలేదు.

ఇంకొక అంకె కొట్టాను. చారలన్నీ ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డాయి. తెర మీద తొమ్మిది ముఖాలు.

అవును, తొమ్మిది. అడ్డం మూడు, నిలువు మూడు. బూడిదరంగులో, చిన్నచిన్నవి, ఒక్కటే ముఖం. తొమ్మిది పెద్ద కళ్ళూ నా వైపే. మా ఆవిడ కుర్చీ మీదినుంచి లేచి నిలబడింది. నేను లేవలేకపోయాను. ఒక ఊళ్ళో ఇద్దరు అమ్మలు ఉండకూడదు. నేను ఒక గదిలోకి తొమ్మిది మందిని దింపాను.

కొంతసేపటికి, కళ్ళు సగం మూసుకునే, కింద ఉన్న సూచనలు చదివాను. రంగులు రెండు విధాల పేర్చి ఉండవచ్చట. ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పక్కపక్కన ఒక పద్ధతి. బొమ్మ మొత్తం ఎరుపు ముందు, మొత్తం ఆకుపచ్చ తరవాత, మొత్తం నీలం చివర ఇంకో పద్ధతి. నా ఫైలు రెండోదైతే, మొదటి పద్ధతిలో చదివితే ఇలాగే ముక్కలై కనబడుతుందట. అంటే వెడల్పు సరిగ్గానే ఉంది. పద్ధతి మార్చే గడి మీద మౌస్ పెట్టాను. “అమ్మా, ఒక్కదానివే రా” అన్నాను. నొక్కాను.

వచ్చింది. ఎర్రగా, ఒక్కతే.

మా ఆవిడ చెంపలు వేసుకుంది. నేనూ వేసుకున్నాను. తరవాత ఆ బొమ్మని నాకు పేరు తెలిసిన ప్రతి రకంగానూ ఎక్స్‌పోర్ట్ చేసి, కనబడిన ప్రతిచోటా దాచాను. ఒక్క ఆ రకం తప్ప.

అచ్చు వచ్చిన రోజు గుడి ముందు అందరూ చేరారు. చట్రంలో బిగించిన కొత్త పటాన్ని తెర లోపల అప్ప ఒక్కతే ముందు చూడాలి, నచ్చితేనే ఎక్కిస్తారు. నేను స్తంభం చాటున ఉన్నాను. చివరికి తెర పక్కకి జరిగింది.

“ఏరా,” అంది అప్ప, “అమ్మ సన్నబడ్డాది.”

వెడల్పు తప్పా? తప్పితే బొమ్మ ఏటవాలుగా పోవాలి కదా, నిటారుగానే ఉంది కదా, లెక్క సరిపోయింది కదా!

“ఇన్నాళ్ళు పోపు లేని కూడు తిన్నాది,” అంది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, “సన్నబడదేటి మరి. ఎక్కించండి.”

గోడ ఎక్కించే ముందు జరిగిన ఊరేగింపులో, గుడ్డ కప్పిన పటాన్ని నెత్తిన పెట్టుకుని కాలనీ చుట్టూ తిరిగినవాడు మా బావ. పట్టుపంచె, తలపాగా, నుదుటిన రూపాయంత బొట్టు. దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు: “రా లో ఉంచమని నేనే చెప్పాను. నేను చెప్పబట్టే అమ్మ చెక్కుచెదరలేదు.” అప్ప కూడా, “అచ్ఛా, నువ్వేనా” అని అతని నెత్తిన చెయ్యి పెట్టింది. నా నెత్తిన పెట్టలేదు.

పెళ్ళిళ్ళన్నీ అతనే తీస్తాడు కాబట్టి అతని ఫోటోలు ఎక్కడా ఉండవు. ఆ రోజు అతని కెమెరాతోనే, పటం మోస్తూ ఉండగా ఒకే ఒక్కటి తీశాను. చాలా బాగా వచ్చింది. స్టూడియోలో పెద్దది చేసి పెట్టుకుంటానని రోజూ అడిగాడు. కార్డు తుడిచి కెమెరా తిరిగి ఇచ్చేశాను. ఫోటో పంపాను.

సాయంత్రం ఫోన్ వచ్చింది.

“బావా, ఏటిది? తెరిస్తే వెడల్పు ఎంత అంటోంది?”

“రా లో ఉంచాను బావా. ఎప్పటికీ చెడదు.”

“వెడల్పు చెప్పు యార్.”

“నీ బొమ్మే కదా. టేపు తీసుకుని నడుం దగ్గర కొలుచుకో.”

“మజాక్ కాదు బావా, నాకున్నది ఆ ఒక్కటే ఫోటో!”

వంటింట్లో మా ఆవిడ నూనెలో ఆవాలు వేసింది. ఆ చిటపట అతనికి వినబడేలా ఫోన్ అటువైపు తిప్పి పట్టుకున్నాను. కరివేపాకు కూడా పడ్డాక, మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుని చెప్పాను: “మేం ఎన్నాళ్ళు పోపు లేకుండా తిన్నామో, సరిగ్గా అన్నాళ్ళ తరవాత చెప్తాను.”